పెరటి చెట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తుపానుల కాలం దగ్గరపడుతోంది. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి పక్క పాత చెట్ల గురించీ, వాటి మీద, వాటి తొర్రల్లో ఉండే జీవాల గురించీ ఉన్నాయి. మొదటి ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే ఇచ్చాం. తొర్ర పడిన చెట్టు ఉన్న ప్రతి ఇంటివారికీ అందులో చెప్పిన లెక్క పనికొస్తుంది.

మా ఊరు టెక్కలి దగ్గర. పెంకుటింటికి 12 అడుగుల దూరంలో తాతల నాటి చింతచెట్టు ఉంది. ఛాతీ ఎత్తున చుట్టుకొలత 11 అడుగులు. కాండం మొదట్లో తూర్పు వైపు తొర్ర పడింది. దాని నోరు జానెడున్నర వెడల్పు, చెయ్యి పెడితే భుజం దాకా పోతోంది. ఒక పెద్ద కొమ్మ ఇంటి మీదికి వాలింది. తిత్లీ తుపానుకు ఏమీ కాలేదు గానీ ఈసారి పడుతుందేమోనని ఇంట్లో భయం. తొర్రలో ఇటుక ముక్కలు, సిమెంటు నింపితే గట్టిపడుతుందని మేస్త్రీ అంటున్నాడు. తమ్ముడేమో కొట్టించేద్దామంటున్నాడు.

అయ్యా, ముందు సిమెంటు మాట మరిచిపోండి. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి మధ్య సందు పడి, ఆ సందులోకి వాననీరు దిగి నిలవ ఉంటుంది. తొర్ర లోపల ఇప్పుడు గాలి ఆడి కొంతైనా ఆరుతున్న కొయ్య అప్పుడు ఏడాదంతా తడిగా ఉండి ఇంకా వేగంగా పుచ్చిపోతుంది. పైగా లోపల ఏం జరుగుతోందో చూసుకునే దారి కూడా మూసుకుపోతుంది. పుచ్చిన కొయ్యను ఉలితో గట్టి కొయ్య దాకా గీకడం, నీరు పోవాలని కింద బెజ్జం వెయ్యడం కూడా తప్పే. పుచ్చు పక్కకు పాకకుండా చెట్టు తనంతట తాను లోపల ఒక అడ్డుగోడ కట్టుకుంటుంది. ఉలి, బరమా ఆ గోడనే పగలగొడతాయి.

తొర్ర పడిందంటే చెట్టు చచ్చిపోతోందని కాదు. చెట్టుకు ప్రాణం బెరడు కింద ఉండే పలచని పొరలోనూ, దానికి ఆనుకున్న తెల్ల కొయ్యలోనూ ఉంటుంది. నడిమి చేవ ఎప్పుడో చచ్చిన కొయ్య. అది పుచ్చిపోయాక మిగిలేది వెదురు బొంగు లాంటి గొట్టం. గొట్టం గోడ తగినంత మందంగా ఉంటే గాలికి బాగానే నిలుస్తుంది.

ఎంత మందం కావాలన్నదానికి చెట్ల వైద్యులు వాడే మోటు లెక్క ఒకటుంది. కాండం అడ్డుకొలతలో సగం తీసుకుంటే, అందులో మూడో వంతుకు తగ్గకుండా గట్టి కొయ్య ఉండాలి. మీ చెట్టు చుట్టుకొలత 132 అంగుళాలు. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత 42, అందులో సగం 21, దానిలో మూడో వంతు 7. అంటే చుట్టూ 7 అంగుళాల గట్టి గోడ కావాలి. ఇప్పుడు పగటిపూట టార్చి వేసి, తొర్రలో పామూ ఉడుమూ లేవని చూసుకుని, ఒక కర్రతో లోపలి వెడల్పు కొలవండి. చేతితో నలిపితే పొడి అయ్యే కొయ్యను కూడా ఖాళీ కిందే లెక్కెయ్యాలి. సైకిలు చువ్వతో పొడిస్తే గట్టి కొయ్య ఎక్కడ మొదలయ్యేదీ తెలుస్తుంది. లోపలి వెడల్పు 24 అంగుళాలు వచ్చిందనుకోండి, 42లోంచి తీసేస్తే 18, ఒక్కో వైపు 9. బెరడుకు ఒక అంగుళం పోతే 8. అప్పటికి గోడ చాలినట్టే. లోపలి వెడల్పు 26 దాటితే ఆలోచించాల్సిందే.

ఈ లెక్క తొర్ర నోరు చిన్నదిగా ఉన్నప్పుడే చెల్లుతుంది. నోరు చుట్టుకొలతలో మూడో వంతుకు, అంటే మీ చెట్టుకు 44 అంగుళాలకు చేరితే అది గొట్టం కాదు, చీలిన బొంగు. మీది 14 అంగుళాల లోపే ఉంది. తొర్ర ఎంత ఎత్తు దాకా పోయిందో తెలియడానికి కొయ్య సుత్తితో మొదలు నుంచి పైకి, మూరకో చోట చుట్టూ తట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గీత పెట్టండి. తట్టిన శబ్దంతో మందం తెలియదు గానీ, డొల్ల ఏ వైపు ఎక్కువగా ఉందో బొమ్మ కట్టినట్టు కనబడుతుంది. ఏటా ఏప్రిల్లో ఇదే పని చేసి, పాత గీతలతో పోల్చుకోండి.

ఇక గాలి సంగతి. చింత వేరు లోతుకు పోతుంది, కొయ్య గట్టిది, కొమ్మలు సాగి వంగుతాయి. తుపాను గాలికి బాగా తట్టుకునే చెట్లలో అదొకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలకు తోటలే నేలకొరిగాయి. ఆ గాలికి మీ చింత నిలిచిందంటే వేరు మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. అయితే ఆ తర్వాత వేళ్ల దగ్గర ఎవరైనా తవ్వారా అన్నది ముఖ్యం. నీళ్ల పైపుకో, కాలువకో, మరుగుదొడ్డి గుంటకో తవ్వి ఒక వైపు వేళ్లు తెగ్గొడితే, నానిన నేలలో చెట్టు రెండో వైపుకు ఒరిగిపోతుంది. కాండం అడ్డుకొలతకు 12 రెట్ల దూరం వరకు తవ్వకపోతే మంచిది. 3 రెట్ల లోపు, అంటే మీ చెట్టుకు పదిన్నర అడుగుల లోపు తవ్వితే చెట్టు నిలబడే బలమే పోతుంది.

కింద చెప్పినవాటిలో ఏది కనబడినా ఆలస్యం చెయ్యకండి: చెట్టు కొత్తగా ఒరగడం, ఒరిగిన వైపుకు ఎదురుగా నేల బీటవారడం లేదా ఉబ్బడం, కాండం మొదట్లో కొయ్యలా గట్టిగా, విసనకర్రలా పరుచుకునే పుట్టగొడుగు లేవడం, కాండం మీద నిలువునా కొత్త చీలిక. అప్పుడు మీ తమ్ముడి మాటే వినాలి. కానీ మొదలంటా నరికే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరమేమో అటవీ అధికారులను అడగండి.

ఇవేవీ లేకపోతే, ఇంటి మీది కొమ్మ బరువు తగ్గిస్తే చాలు. కాయ దులిపాక, వానలకు ముందు, ఏప్రిల్ మేల్లో ఆ పని పెట్టుకోండి. కొమ్మను ముందు తాడుతో పై కొమ్మకు కట్టండి. కాండానికి అడుగు దూరంలో కింది వైపు నుంచి రంపంతో మూడో వంతు కొయ్యండి. దానికి రెండు అంగుళాలు బయటగా పై నుంచి పూర్తిగా కొయ్యండి. కింది కోత ముందు వెయ్యకపోతే కొమ్మ విరిగేటప్పుడు కాండం బెరడు బారెడు పొడవున చీల్చుకుని పోతుంది. చివరగా మిగిలిన మొద్దును, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనబడే మడతకు సరిగ్గా బయట తియ్యండి. మడతను కోసేస్తే గాయం మానదు, మొద్దు వదిలేస్తే అది పుచ్చి లోపలికి దారి చూపిస్తుంది. గాయానికి తారు, రంగు, పేడ ఏదీ పుయ్యక్కర్లేదు.

ఒక్క ఏడాదిలో ఆకు ఉన్న కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తియ్యొద్దు. తల నరికించడం అసలే వద్దు. నరికిన చోట గుత్తులుగా వచ్చే చిగుళ్లు పై బెరడుకే అంటుకుని ఉంటాయి. అయిదారేళ్లకు అవి కొమ్మలై, మొదటి గాలికే ఊడి పెంకుల మీద పడతాయి. కరెంటు తీగ దగ్గరుంటే లైను ఆపించాకే మనిషిని ఎక్కించండి.

ఇచ్ఛాపురం వైపు పల్లెటూరు మాది. రెండేళ్లుగా మా ఇంటి చింతలమీద, రావి మీద కొంగలు వందలుగా గూళ్లు కడుతున్నాయి. వాకిలంతా రెట్ట, వాసన. చెట్టు ఆకులు మాడిపోతున్నాయి. పిల్లలు గూట్లోంచి జారి పడుతున్నాయి. తరిమేస్తే పాపమంటారు అత్తగారు. చెట్టు చచ్చిపోతుందేమోనని నా భయం.

అమ్మా, మీ అత్తగారి మాటకు చట్టం కూడా తోడుంది. గూళ్లు పడగొట్టడం, గుడ్లు తియ్యడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

మీరు రాసినదాన్ని బట్టి అవి నత్తగుల్ల కొంగలు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో ఊరివాళ్లు ఏళ్ల తరబడి ఇంటి చుట్టాల్లా చూసుకుంటున్నవి ఇవే. పెద్ద పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పిల్లల ముక్కుకు ఆ సందు ఉండదు. పేపర్లలో వీటిని సైబీరియా పక్షులని రాస్తుంటారు గానీ, ఇవి దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే బతికే పక్షులు. వాన, మేత చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతాయి. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు కూడా సైబీరియావి కావు. మీ కొంగల మేత వరి మడుల్లోని నత్తగుల్లలు. జూన్ నెలాఖరు ప్రాంతంలో దిగి, గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరాక నవంబరు, డిసెంబరుల్లో వెళ్లిపోతాయి. గుడ్లు రెండు నుంచి అయిదు, పొదుగు సుమారు 25 రోజులు.

చెట్టు గురించి అంత భయపడక్కర్లేదు. రెట్టలోని ఉప్పు, నత్రజని గాఢంగా ఉండి ఆకును మాడుస్తాయి. పక్షులు వెళ్లాక చింత మళ్లీ చిగురిస్తుంది. పాదులో తెల్లగా పేరుకున్నదాన్ని మాత్రం డిసెంబరులో ఎత్తేసి, నాలుగైదు సార్లు నీరు నిండుగా పెట్టండి. గాఢత కిందికి దిగిపోతుంది. చెట్టు పక్కనున్న కూరపాదులు ఈ అయిదారు నెలలు ఇంకో చోటికి మార్చుకోవడమే మేలు.

రెట్టను ఎండాక పొడిగా ఊడవకండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు చేటు చేసే బూజు ఉండొచ్చు. ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పారతో గీకి ఎత్తండి. ఒక తట్ట రెట్టకు నాలుగు తట్టల ఎండుటాకు, గడ్డి కలిపి గోతిలో వేసి, పిండితే చెమ్మ తగిలేంత తడి ఉంచి, పదిహేను రోజులకోసారి తిరగెయ్యండి. మూడు నాలుగు నెలల్లో ఎరువు అవుతుంది. పచ్చి రెట్ట నేరుగా మొక్కకు వేస్తే వేరు మాడుతుంది. బావికి మూత తప్పనిసరి. డాబా మీద పడ్డ వాననీరు పట్టుకునే అలవాటుంటే ఈ కాలమంతా మానెయ్యండి. వాకిలి మీద నీడ వల కట్టుకోవచ్చు, కానీ బిగుతుగా లాగి కట్టండి. వదులు వలలో పక్షి కాళ్లు చిక్కుతాయి.

జారిపడ్డ పిల్లను తల్లి కిందికి వచ్చి మేపదు. దెబ్బ తగలకపోతే, గూడు అందేంత ఎత్తులో ఉంటే, తిరిగి గూట్లో పెట్టడమే మంచిది. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. పట్టుకునేటప్పుడు తల వెనక మెడ దగ్గర ఒక చెయ్యి ఉండాలి, లేకపోతే ముక్కుతో కంట్లో పొడుస్తుంది. గూడు అందకపోతే వెదురు బుట్టలో గడ్డి వేసి, కుక్కలకూ పిల్లులకూ అందకుండా నీడన పెట్టి, అటవీ శాఖ వాళ్లకు కబురు చెయ్యండి. వాళ్లొచ్చేలోగా పాలు, అన్నం పెట్టకండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. దీపావళికి ఆ చెట్ల కింద టపాకాయలు కాల్చనివ్వకండి. అప్పటికి ఇంకా ఎగరలేని పిల్లలు గూళ్లలో ఉంటాయి. బెదిరి దూకితే పైకి చేరే దారి లేదు.

విజయనగరం జిల్లాలో మా ఊరి రచ్చబండను రెండేళ్ల కిందట ఎత్తు పెంచి, రెండున్నర అడుగుల మేర మట్టి నింపి, రావిచెట్టు కాండానికి ఆనుకుని గ్రానైటు పరిచాం. ఇప్పుడు ఆకు చిన్నదైపోయి, చిటారు కొమ్మలు ఎండుతున్నాయి. తెగులా?

తెగులు కాదు, ఊపిరాడక. చెట్టుకు మేత తెచ్చే సన్నని వేళ్లు చాలామటుకు నేల పైపొరలోనే, రెండడుగుల లోపే ఉంటాయి. వాటికి గాలి కావాలి. మీరు వాటి మీద ఇంకో రెండున్నర అడుగులు మట్టి కప్పి, పైన రాయి మూత పెట్టారు. కాండం కూడా మట్టిలో మునిగి ఉంటే తడికి బెరడు కుళ్లుతుంది.

కాండం చుట్టూ మూడడుగుల వరకు రాయి తీసేసి, మట్టిని చేత్తో, చిన్న తాపీతో తీస్తూ, మొదలు వెడల్పై వేళ్లుగా చీలే చోటు బయటపడే దాకా వెళ్లండి. గునపం వద్దు. గోతి అంచున మట్టి జారకుండా సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చండి. మిగతా పలకల్లో వరసకొకటి తీసేసి ఆ సందుల్లో కంకర వేస్తే నీరూ గాలీ దిగుతాయి. రావి మొండి చెట్టు, గోడ పగుల్లో కూడా బతుకుతుంది. రెండు వానాకాలాలు చూడండి. ఒక్క జాగ్రత్త: మాఘ ఫాల్గుణాల్లో రావి ఎలాగూ ఆకు రాలుస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. వైశాఖంలో చిగురు ఏ పరిమాణంలో వచ్చిందన్నదే లెక్క.

మా వేపచెట్టు తొర్రలో పైడికంటి పిట్టలు (చిన్న గుడ్లగూబలు) కాపురం పెట్టాయి. సాయంత్రం అరుస్తుంటే ఇంటికి మంచిది కాదంటున్నారు. తొర్ర మూసెయ్యాలా?

మూయకండి. ఆ అరుపు మగా ఆడా ఒకదాన్నొకటి పిలుచుకోవడమే. ఎలుక పిల్లలు, మిడతలు, పెంకు పురుగులు వాటి తిండి. ధాన్యం నిలవ ఉండే ఇంటికి అంతకంటే మంచి కాపలా ఏముంది? నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు, పిల్లలు ఉండే కాలం, అప్పుడు తొర్రలో పొగ పెట్టినా పిల్లలు చచ్చిపోతాయి. ఎలుకల మందుతో మాత్రం జాగ్రత్త. బ్రోమడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, రెండు మూడు రోజులు మందకొడిగా తిరుగుతుంది. దాన్ని గూబ పట్టి తింటే గూబకూ అదే విషం. ఎలుకలకు బోను పెట్టుకోండి.

గబ్బిలం కొరికిన జామకాయ, ఆ భాగం కోసేసి తినొచ్చా?

వద్దు. నిఫా వైరస్‌ను మోసేవి పళ్లు తినే పెద్ద గబ్బిలాలే. కొరికినదీ, చెట్టు కింద గాటుతో దొరికినదీ పారెయ్యండి. మంచి కాయను కడిగి, తొక్క తీసి తినండి. తాటి, ఈత కల్లు కుండలకు వెదురు తడికో, సన్నని వలో చుట్టించండి.

మా సువర్ణరేఖ మామిడి పాత చెట్టు. కొమ్మల మీద వేరే రకం ఆకులతో గుబురుగా ఏదో పెరిగి, అవతల కొమ్మ ఎండిపోతోంది.

అది బదనిక. తన ఆకుతో తాను వండుకుంటుంది గానీ, నీరూ ఉప్పులూ మామిడి కొమ్మలోంచే లాగేస్తుంది. బొటనవేలంత పిట్ట ఒకటి దాని పళ్లు తిని, జిగురు గింజను ఇంకో కొమ్మకు రాస్తుంది. అలా వ్యాపిస్తుంది. గుబురు మాత్రం విరిస్తే లాభం లేదు, అతుకులోంచి మళ్లీ చిగురిస్తుంది. అతుకు ఉబ్బుకు కాండం వైపు ఒక అడుగు కింద, మామిడి కొమ్మతో సహా కొయ్యండి. మామిడికాయ కోత అయ్యాక, బదనికకు పండ్లు రాకముందే చెయ్యాలి. అతుకు కాండం మీదే ఉంటే కొయ్యలేరు. అప్పుడు బదనికను మొదలంటా చెక్కి, ఆ చోట నల్ల పాలిథీన్ పట్టీ బిగించి, ఏటా విప్పి చూడండి. వెలుతురు లేక చిగురు చచ్చిపోతుంది.

సోంపేట దగ్గర జీడితోటలో ఇల్లు. పెరట్లో పాత పనసచెట్టు. వేసవిలో ఎలుగుబంటి దానికోసమే వస్తోంది. చెట్టు కొట్టేస్తే రాదా?

చెట్టు కొట్టేసినా జీడిపండు వాసనకు వస్తుంది. అది వచ్చేది మీ పనస కోసం ఒక్కటే కాదు. పనసను పండనివ్వకండి. ముదిరిన కాయ కోసి ఇంట్లో మాగబెట్టుకోండి, చెట్టు మీద పండితే వాసన దూరం పోతుంది. జీడిపిక్క తీసుకున్నాక పండ్లను ఇంటి పక్క గుట్టగా వదిలేస్తారే, అదే అన్నిటికంటే పెద్ద పిలుపు. ఇంటికి దూరంగా రెండడుగుల గోతిలో వేసి, ఏ రోజుకారోజు అర అడుగు మట్టి కప్పండి. ఇంటి చుట్టూ 40 అడుగుల వరకు తుప్పలు కొట్టించండి. పెద్ద చెట్లు ఉండనివ్వండి, కింద చూపు సాగితే చాలు. గట్టు లేని నేలబావికి మూడు నాలుగు అడుగుల గోడ కట్టించండి. చీకట్లో మనిషికీ ఎలుగుకూ రెండింటికీ అది ప్రమాదమే.

ఎలుగుకు వాసన బాగా తెలుస్తుంది, చూపు తక్కువ. దగ్గర్లో హఠాత్తుగా మనిషి ఎదురైతే బెదిరి మీద పడుతుంది. వీపు మీద పిల్లలున్న తల్లి అయితే ఇంకా ప్రమాదం. అందుకే తెల్లవారుజామున పిక్కలు ఏరడానికి ఒక్కరే వెళ్లకండి. దీపం పట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. దూరంగా కనిపిస్తే నెమ్మదిగా వెనక్కి రండి, పరుగెత్తకండి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక అల్లుకుని, ముఖం నేలకు ఆనించి కదలకుండా ఉండండి. అది ఎక్కువగా గాయపరిచేది తలా ముఖమే. ఊరంతా కర్రలతో చుట్టుముట్టడం వల్లే చాలాసార్లు మనుషులు గాయపడ్డారు. పారిపోవడానికి దానికో దారి వదిలి, తలుపులు వేసుకుని, అటవీ శాఖకు ఫోను చెయ్యండి.